లినక్స్‌లో వ్యూడేటా టెర్మినల్: ఫాంటు పెట్టడం దగ్గర నుంచి పేజీలు తిప్పడం దాకా

వ్యూడేటా అంటే ఫోను లైను మీద అక్షరాలతో, రంగు గడుల బొమ్మలతో పేజీలు చూపించిన పాతకాలపు సేవ. అందులోకి వెళ్లాలని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కనెక్ట్ అయింది గాని తెర నిండా పిచ్చిగీతలు. అంకె నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రంగులు వచ్చాయి, బొమ్మలు మాత్రం రాలేదు. ప్రతివాళ్లూ ముందు నెట్‌వర్కును అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు అక్కడ ఉండటం అరుదు. ఫాంటు, తెర కొలత, హ్యాష్ (#) మీట: ఈ మూడింటిలోనే ఎక్కడో తేడా ఉంటుంది.

అందుకే ఇక్కడ వరుస మార్చాను. ప్రోగ్రాం కన్నా ముందు ఫాంటు పెడతాం. బయటి సర్వర్ జోలికి వెళ్లే ముందు సొంత కంప్యూటర్‌లోనే ఒక పరీక్ష పేజీ ఆడిస్తాం. ఈ వరుసలో వెళితే ఏదైనా చెడినప్పుడు ఎక్కడ చెడిందో మీకే తెలిసిపోతుంది.

ఉదాహరణకు బ్రిటన్ పద్ధతి వ్యూడేటాను, అందులో ఇప్పుడు ఇంటర్నెట్ మీద నడుస్తున్న టెల్‌స్టార్ సేవను తీసుకున్నాను. టెర్మినల్ ప్రోగ్రాం విడ్‌టెక్స్. కంప్యూటర్‌లో ఉబుంటు గాని డెబియన్ గాని ఉందనుకుంటున్నాను.

ఒక మాట. కమాండ్లను పలికే తీరులోనే రాశాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిషు చిన్నక్షరాలతో కొట్టాలి. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను.

1. ముందుగా సర్దుకోవలసినవి

□ గిట్, బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీలు
□ లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్ ప్యాకేజీ (చివర ఉన్న "డెవ్" మరిచిపోతే తరువాత ప్రోగ్రాం కట్టేటప్పుడు దెబ్బ తింటారు)
□ ఎక్స్‌టెర్మ్ (టెర్మినల్ విండో ప్రోగ్రాం)
□ నెట్‌క్యాట్, అంటే నెట్‌వర్కు మీద బైట్లు పంపే, అందుకునే రెండే అక్షరాల "ఎన్‌సీ" కమాండ్
□ బెడ్‌స్టెడ్ ఫాంటు

మొదటి నాలుగూ "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" తో వచ్చేస్తాయి. ఫాంటు మాత్రం దాని సొంత పేజీ నుంచి దించుకోవాలి. ఓటీఎఫ్ రూపంలో దొరుకుతుంది, ఉచితం.

2. ఫాంటు: ఇక్కడే సగం పని

వ్యూడేటా పేజీలో బొమ్మలంటే ఫోటోలు కావు. ఒక్కో అక్షరపు గడిని అడ్డంగా 2, నిలువుగా 3 ముక్కలు చేసి, ఆ 6 ముక్కల్లో కొన్నింటికి రంగు నింపుతారు. అలా 64 ఆకారాలు వస్తాయి. పటం గీసినా, పెద్ద శీర్షిక రాసినా ఈ ముక్కలతోనే. యూనికోడ్‌లోకి ఇవి 2020లో 13.0 సంచికతో వచ్చాయి. అక్కడ చేర్చినవి 60. మిగిలిన నాలుగూ, అంటే ఖాళీ గడి, నిండు గడి, ఎడమ సగం, కుడి సగం, అంతకు ముందే ఉన్నాయి. మామూలు ఫాంట్లలో చాలావాటికి ఈ 60 ఆకారాలు లేవు. డబ్బాల్లో ప్రశ్నార్థకాలు కనిపించడానికి కారణం అదే.

బెడ్‌స్టెడ్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆనాటి టెలిటెక్స్ట్ (టీవీ తెర మీద వచ్చే అక్షర పేజీలు), వ్యూడేటా పరికరాల్లో అక్షరాలు గీసిన ఎస్‌ఏఏ5050 చిప్ ఆకారాలను చూసి తయారు చేసిన ఫాంటు అది. గడుల అంచులు ఒకదానికొకటి సరిగ్గా అతుక్కుంటాయి.

వేసే పద్ధతి:

(అ) హోం ఫోల్డర్‌లో ".లోకల్", దానిలో "షేర్", దానిలో "ఫాంట్స్" అనే ఫోల్డర్ ఉండాలి. లేకపోతే చేసుకోండి.
(ఆ) దించిన ఓటీఎఫ్ ఫైలును అందులో పెట్టండి.
(ఇ) "ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్" కొట్టండి.
(ఈ) "ఎఫ్‌సీ-లిస్ట్" కొట్టి జాబితాలో బెడ్‌స్టెడ్ పేరు ఉందేమో చూడండి. పేరు కనిపించకపోతే ముందుకు వెళ్లవద్దు.

విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా ఉబుంటు వాడేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. విండోస్ టెర్మినల్‌లోనే నడిపేటట్టయితే ఫాంటును విండోస్‌లో వేయాలి, ఉబుంటులో కాదు. తెర మీద అక్షరాలు గీసేది విండోస్ టెర్మినల్ కదా. ఈ చిన్న సంగతి తట్టక నేను ఒక సాయంత్రమంతా ఉబుంటు ఫోల్డర్లలో ఫాంటును అటూ ఇటూ మార్చుతూ కూర్చున్నాను. "ఎఫ్‌సీ-లిస్ట్" లో పేరు వస్తూనే ఉంది, తెర మీద డబ్బాలూ వస్తూనే ఉన్నాయి.

3. భాష అమరిక, తెర కొలత

"లొకేల్ చార్‌మ్యాప్" అని కొట్టండి. జవాబు యూటీఎఫ్-8 అని రావాలి. కంప్యూటర్‌ను తెలుగు అమరికలో వాడేవాళ్లు కొందరు తమ లొకేల్ పేరు చివర యూటీఎఫ్-8 అని లేదని కంగారు పడతారు. అక్కర్లేదు. తెలుగు లొకేల్ మొదటి నుంచీ యూటీఎఫ్-8 లోనే ఉంది, పేరులో రాయకపోయినా. పేరును పట్టించుకోకుండా ఈ కమాండ్ ఇచ్చే జవాబునే నమ్మండి.

తరువాత తెర. వ్యూడేటా పేజీ వెడల్పు 40 గడులు, ఎత్తు 24 వరుసలు. విండో అంతకన్నా కొంచెం పెద్దగా ఉండాలి, చిన్నదిగా మాత్రం ఉండకూడదు. ఎక్స్‌టెర్మ్‌ను ఇలా తెరవండి:

ఎక్స్‌టెర్మ్ -ఎఫ్‌ఏ బెడ్‌స్టెడ్ -ఎఫ్‌ఎస్ 18 -జామెట్రీ 44x26

ఇందులో ఫాంటు పేరు మొదటి అక్షరం పెద్దది. 18 అనేది అక్షరం పరిమాణం, కళ్లకు తగ్గట్టు మార్చుకోండి. 44, 26 మాత్రం తగ్గించవద్దు.

ఇప్పుడు ఆ విండోలో చిన్న పరీక్ష. "ప్రింట్‌ఎఫ్" రాసి, ఒంటి కొటేషన్ల మధ్య వెనక్కి వాలిన గీత, పెద్దక్షరం యూ, ఆ వెంటనే 1ఎఫ్‌బీ00 కొట్టండి. గడిలో ఎడమ పై మూల చిన్న దిమ్మ ఒకటి రావాలి. వచ్చిందంటే ఫాంటు పని అయిపోయింది. గ్నోమ్ టెర్మినల్ కొత్త సంచికలు ఈ ఆకారాలను ఫాంటుతో పని లేకుండా తామే గీస్తాయి. కాబట్టి అక్కడ పరీక్ష నెగ్గినంత మాత్రాన ఫాంటు సరిగా పడిందని అనుకోకండి.

టీమక్స్ (ఒకే విండోలో పలు టెర్మినళ్లు నడిపే ప్రోగ్రాం) లోపల నడపాలనుకుంటే దాని అడుగు పట్టీ ఒక వరుస తినేస్తుందని గుర్తుంచుకోండి. 24 వరుసల విండోలో టీమక్స్ వాడితే పేజీ చివరి వరుస మాయమవుతుంది. చాలా పేజీల్లో "ఏ అంకె నొక్కాలి" అన్న సూచన ఉండేది ఆ వరుసలోనే.

4. విడ్‌టెక్స్‌ను కట్టడం

ప్రోగ్రాం పేరు ఇంగ్లిషులో వీ, ఐ, డీ, టీ, ఈ, ఎక్స్. గిట్‌హబ్‌లో ఆ పేరుతో వెతికి, వ్యూడేటా క్లయింట్ అని వివరణ ఉన్నదాన్ని "గిట్ క్లోన్" తో దించుకోండి.

ఫోల్డర్‌లోకి వెళ్లాక ముందు రీడ్‌మీ చదవండి. చదవమన్నది మర్యాదకు కాదు, రెండు సంగతుల కోసం. ఒకటి, కట్టే మెట్లు: కాన్ఫిగర్ స్క్రిప్టు ఉంటే ముందు దాన్ని నడిపి, ఆ తరువాత "మేక్", చివర "సుడో మేక్ ఇన్‌స్టాల్". రెండు, ఫాంటు: రీడ్‌మీ ఫలానా ఫాంటు పేరు చెబితే, బెడ్‌స్టెడ్‌తో పాటు దాన్ని కూడా వేసి సిద్ధంగా ఉంచుకోండి.

"మేక్" మధ్యలో ఆగి కర్సెస్ అనే హెడర్ ఫైలు దొరకలేదని అంటే, ఒకటో మెట్టులో "డెవ్" ప్యాకేజీ మరిచిపోయారన్నమాట. దాన్ని వేసి మళ్లీ మొదలుపెట్టండి.

కట్టడం పూర్తయ్యాక "విడ్‌టెక్స్ --హెల్ప్" కొట్టండి. ఐచ్ఛికాల జాబితా వస్తుంది. సర్వర్ పేరుకు "--హోస్ట్", ద్వారం సంఖ్యకు "--పోర్ట్" వాడతాం.

5. సొంత పరీక్ష పేజీ

ఈ మెట్టు దాటవేయాలనిపిస్తుంది. దాటవేయకండి. ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ప్రోగ్రాం, ఫాంటు, రంగులు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో 5 నిమిషాల్లో తేలిపోతుంది.

రెండు టెర్మినల్ విండోలు తెరవండి. మొదటిదానిలో "ప్రింట్‌ఎఫ్" రాసి, దాని తరువాత ఒంటి కొటేషన్లలో ఈ అంకెల వరుసను ఉన్నదున్నట్టు కొట్టండి:

'\014\033\101\061\062\063\137\015\012\033\122\177\177\177\040\065\015\012\033\115\071\071'

ఆ తరువాత నిలువు గీత, దాని పక్కన "ఎన్‌సీ -ఎల్ 6502". మీ నెట్‌క్యాట్ దీనికి ఒప్పుకోకపోతే "ఎన్‌సీ -ఎల్ -పీ 6502" అనండి. ఎంటర్ నొక్కాక ఏమీ జరగనట్టు నిలబడుతుంది. అది ఎవరో ఒకరు వచ్చి తగలాలని ఎదురుచూస్తోంది.

రెండో విండోలో, అంటే ఎక్స్‌టెర్మ్‌లో:

విడ్‌టెక్స్ --హోస్ట్ 127.0.0.1 --పోర్ట్ 6502

ఇక్కడ లోకల్‌హోస్ట్ అనే పేరు బదులు అంకెలే వాడండి. పేరు వాడితే కొన్ని కంప్యూటర్లలో ముందు ఐపీవీ6 చిరునామాకు వెళ్లి, అక్కడ ఎవరూ లేరని తిరిగి వచ్చేస్తుంది.

తెర మీద రావలసింది ఇది:

□ మొదటి వరుసలో ఎరుపు రంగులో 123, పక్కన హ్యాష్ గుర్తు
□ ఎడమ అంచున ఒక గడి ఖాళీ
□ రెండో వరుసలో ఆకుపచ్చ నిండు దిమ్మలు మూడు, ఒక ఖాళీ గడి, ఆ తరువాత ఎడమ సగం మాత్రమే నిండిన గడి
□ మూడో వరుసలో తెల్లగా, రెండు వరుసల ఎత్తున 99

ఈ అంకెలన్నీ ఎనిమిది ఆధారపు సంఖ్యలు. \014 తెరను తుడుస్తుంది. \033 అంటే ఎస్కేప్, దాని వెంట వచ్చే \101 ఎరుపు అక్షరాలు మొదలుపెడుతుంది. \122 ఆకుపచ్చ బొమ్మల గడులకు, \115 రెట్టింపు ఎత్తుకు. ఎడమ అంచు గడి ఖాళీగా ఉండటం తప్పు కాదు: వ్యూడేటాలో రంగు మార్చమన్న సంకేతం కూడా ఒక గడి ఆక్రమిస్తుంది. దీన్ని లోపమనుకుని అమరికలన్నీ తిప్పి చూసినవాళ్లున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది \137. మామూలు కంప్యూటర్ లెక్కలో అది అండర్‌స్కోర్, అంటే కింది గీత. వ్యూడేటా లెక్కలో అదే హ్యాష్. తెర మీద హ్యాష్ కనిపిస్తే మీ ప్రోగ్రాం వ్యూడేటా భాషలోనే చదువుతోంది. కింది గీత కనిపిస్తే బైట్లను ఉన్నవి ఉన్నట్టు ఒలకబోస్తోంది. ఏడో మెట్టులో హ్యాష్ మీట తంటా మొత్తం ఇక్కడి నుంచే పుడుతుంది.

దిమ్మల చోట డబ్బాలు వస్తే ఫాంటు, అంటే రెండో మెట్టు. రంగులే లేకపోతే ఎన్విరాన్‌మెంట్‌లో "టెర్మ్" విలువ చూడండి, ఎక్స్‌టెర్మ్-256కలర్ అని ఉండాలి. 99 రెట్టింపు ఎత్తులో కాకుండా మామూలుగా వస్తే కంగారు లేదు. ఒక అక్షరాన్ని రెండు వరుసల్లో చీల్చి చూపడం అన్ని టెర్మినళ్లకూ సాధ్యపడదు. పేజీ చదవడానికి అడ్డు రాదు.

6. అసలు సర్వర్‌కు

ముందు దారి తెరిచి ఉందో లేదో నెట్‌క్యాట్‌తో చూడండి:

ఎన్‌సీ -వీ గ్లాస్‌టీటీవై.కామ్ 6502

("గ్లాస్" తరువాత ఉన్నవి టీ, టీ, వై అనే మూడు అక్షరాలు.) తెర మీద మెట్లు మెట్లుగా చెత్త పడితే సంతోషించండి, దారి ఉంది. 40 గడులు నిండగానే తెర తనంతట తానే కింది వరుసకు దిగుతుందని నమ్మి సర్వర్ పేజీ పంపుతుంది. మీ 80 గడుల విండోలో అది జరగదు కాబట్టి అంతా చెదిరిపోతుంది. అక్కడ అంకెలు నొక్కి చూడకండి. మీరు ఎంటర్ కొట్టేదాకా ఏమీ బయటకు పోదు, పోయినా వెంట అక్కర్లేని ఒక బైటును మోసుకుపోతుంది. కంట్రోల్-సీ తో బయటపడి, విండో పిచ్చిగా మారితే "రీసెట్" కొట్టండి.

ఏమీ రాకుండా చాలాసేపు ఆగిపోతే పోర్టు మూసి ఉన్నట్టే. కాలేజీలు, కార్యాలయాలు ఇలాంటి అరుదైన పోర్టులను బయటకు వదలవు. ఫోను హాట్‌స్పాట్‌కు మారి ఒకసారి చూస్తే అసలు సంగతి తేలుతుంది.

దారి ఉందని తేలాక అసలు కమాండ్:

విడ్‌టెక్స్ --హోస్ట్ గ్లాస్‌టీటీవై.కామ్ --పోర్ట్ 6502

పేజీ ఒక్కో అక్షరంగా నింపాదిగా పడుతుంటే అది మీ ఇంటర్నెట్ నీరసం కాదు. పాత ఫోను లైన్ల వేగం సెకనుకు 1200 బిట్లు, అంటే 120 అక్షరాలు. 960 గడుల నిండు పేజీకి 8 సెకన్లు పట్టేది. ఈ సేవల్లో కొన్ని ఆ నడకనే కావాలని పాటిస్తాయి.

ఇక్కడ తాళం లేదన్నది మరవకండి. మీరు కొట్టే ప్రతి మీటా గుప్తం కాకుండా, విప్పి ఉన్న పోస్టుకార్డులా వెళుతుంది. ఈమెయిలుకో, బ్యాంకుకో వాడే పాస్‌వర్డు ఏ వ్యూడేటా సేవలోనూ పెట్టవద్దు.

7. పేజీలు తిప్పడం

రెండు రకాల నడకలు ఉన్నాయి. పేజీలో కనిపించే జాబితా నుంచి వెళ్లాలంటే ఒక్క అంకె నొక్కితే చాలు. ఎంటర్ కొట్టకండి. కొడితే అది హ్యాష్‌గా వెళ్లి, మీరు అడగని చోటికి తీసుకుపోతుంది. కొత్తవాళ్లు "పేజీలు వాటంతట అవే దూకుతున్నాయి" అనడానికి కారణం చేతికి అలవాటైన ఆ ఎంటరే.

పేజీ సంఖ్య తెలిసి నేరుగా వెళ్లాలంటే స్టార్, సంఖ్య, హ్యాష్. బ్రిటన్ పాత వ్యూడేటా సేవ ప్రెస్టెల్ నాటి నుంచి వస్తున్న వాడుకలు ఇవి:

□ *0# : ప్రధాన సూచిక
□ # : అదే పేజీ తరువాతి భాగం (ఒక పేజీకి ఏ నుంచి జడ్ దాకా భాగాలు ఉండవచ్చు)
□ *# : వెనక్కి
□ *00# : ఉన్న పేజీనే మళ్లీ గీయించడం, మధ్యలో చెదిరినప్పుడు
□ *09# : పేజీ తాజా ప్రతి తెప్పించడం
□ ** : సగం కొట్టిన సంఖ్యను రద్దు చేయడం
□ *90# : సెలవు

హ్యాష్ పని చేయకపోతే ఈ వరుసలో చూడండి. ముందు ఎంటర్. కాకపోతే షిఫ్ట్-3 మీద ఉన్న హ్యాష్. అదీ కాకపోతే అండర్‌స్కోర్. మూడోది తప్పక పని చేయాలి, ఎందుకంటే తీగ మీద వెళ్లే హ్యాష్ అసలు రూపం అదే. షిఫ్ట్-3 మీద ఉన్న హ్యాష్ బైటు వ్యూడేటాలో పౌండు గుర్తుకు చెందినది. ప్రోగ్రాం మధ్యలో మార్చి పంపితేనే అది పని చేస్తుంది.

కొన్ని పేజీల్లో నింపవలసిన ఖాళీలు ఉంటాయి. ఒక్కో ఖాళీ నింపి హ్యాష్ కొడితే తరువాతిదానికి వెళుతుంది. చివర పంపడానికి 1, వద్దనుకుంటే 2. తెలుగులో రాయాలని ప్రయత్నించకండి. ఈ పద్ధతిలో ఒక్కో అక్షరానికి ఉన్నవి 7 బిట్లే. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే స్టార్, అంకెలు కూడా ఒక్కోసారి తప్పుగా వెళతాయి. మొదలుపెట్టేముందే ఇంగ్లిషు కీబోర్డుకు మారండి.

8. లక్షణం చూసి మందు

కొన్ని అక్షరాలు చక్కగా, కొన్ని చెత్తగా వస్తే: ఒక పేజీలో అంకెలు చూడండి. 0, 3, 5, 6, 9 సరిగ్గా ఉండి 1, 2, 4, 7, 8 చెడితే అది పేరిటీ (తప్పులు పట్టడానికి చేర్చే అదనపు బిట్). సర్వర్ 7 బిట్లకు ఎనిమిదో బిట్ తగిలించి పంపుతోంది, మీ ప్రోగ్రాం దాన్ని కోయడం లేదు. చెడ్డ అంకెలన్నిటిలో 1 బిట్ల సంఖ్య బేసి, అందుకే అవే చెడతాయి. పేరిటీ లేని మరో పోర్టు ఉంటే దానికి మారండి, లేదా ప్రోగ్రాంలో ఆ బిట్‌ను తీసేసే ఐచ్ఛికం ఆన్ చేయండి.

కొట్టిన ప్రతి అక్షరం రెండుసార్లు కనిపిస్తే: మీ వైపు ప్రతిధ్వని ఆన్‌లో ఉంది. ఆపేయండి. తెర మీద చూపే బాధ్యత సర్వర్‌దే.

బొమ్మల మధ్య సన్నని నల్ల గీతలు వస్తే: ఫాంటు పరిమాణం ఒక అంకె అటూ ఇటూ మార్చండి. గీతలు అన్నిచోట్లా కాక కొన్ని బొమ్మల్లోనే ఉంటే అది లోపం కాదు, గడుల మధ్య ఎడం ఉంచమని పేజీ చేసినవాళ్లే అడిగారు.

ప్రశ్న ఉండి జవాబు చోటు ఖాళీగా ఉంటే: దాచిన అక్షరాలు. బయటపెట్టే మీట ఏదో "--హెల్ప్" లో గాని రీడ్‌మీలో గాని ఉంటుంది.

9. పేజీని దాచుకోవడం

కరెంటు, నెట్ నమ్మకం లేని చోట ఇది బాగా పనికొస్తుంది. నెట్‌క్యాట్‌తో సర్వర్‌కు తగిలి, వచ్చే బైట్లను ">" గుర్తుతో ఒక ఫైలులోకి మళ్లించండి. 20 సెకన్లు ఆగి కంట్రోల్-సీ. తరువాత "క్యాట్" తో ఆ ఫైలును "ఎన్‌సీ -ఎల్ 6502" కు అందించి, అయిదో మెట్టులో లాగే 127.0.0.1 కు వెళితే అదే పేజీ మళ్లీ ఆడుతుంది. లోపల ఏముందో చూడాలంటే "ఓడీ -సీ". ఇప్పుడు మీకు తెలిసిన 033 అలాగే కనిపిస్తుంది, 014 మాత్రం \f అని వస్తుంది. వాటిలో రంగు సంకేతం ఒకటి మార్చి మళ్లీ ఆడించి చూడండి. వ్యూడేటా పేజీ రాయడం దాదాపు అంతే.

10. ఫ్రెంచి సేవలకు వెళ్లాలంటే

ఈ ప్రోగ్రాంతో మినిటెల్ (వ్యూడేటా లాంటి ఫ్రాన్స్ సొంత పద్ధతి) సేవలకు వెళ్లకండి. గడులు ఒకేలా కనిపించినా సంకేతాలు వేరు. అక్కడ స్టార్, హ్యాష్ పద్ధతి లేదు. ఆన్వోయి, సూయిత్, రెతూర్, సొమ్మేర్, గీద్ అనే ప్రత్యేక మీటలున్నాయి, ఒక్కోటీ రెండు బైట్లుగా వెళుతుంది. దానికి ఎక్స్‌టెల్ అనే వేరే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం డెబియన్ ప్యాకేజీగానే దొరుకుతుంది. దానితో పాటు ఎక్స్‌టెల్‌డీ అనే సేవ కూడా నడుస్తూ ఉండాలి. విండో తెరుచుకుని ఏ సేవకూ తగలకపోతే ముందు చూడవలసింది అది నడుస్తోందో లేదో.